వ్యాపారపు లెక్కలు: నివేదికాసాధనముల యెన్నిక

(మన సంఘ వార్షిక మహాసభయందు కలకడలో చేసిన యుపన్యాసము)

   

సంస్కృతము చదివి, ముప్పదియేండ్లకు పైగా పిల్లలకు శబ్దరూపములును శ్లోకములును చెప్పి, ఇప్పుడు విశ్రాంతి తీసికొనుచున్న నావంటివాడు సాఫ్టువేరును గుఱించి మాటలాడుట మీలో గొందఱకు వింతగా తోచవచ్చును. నాకును మొదట నట్లే తోచినది. ఆహ్వానసంఘమువారు ఈ విషయము నాకప్పగించినప్పుడు, "ఇంజనీరింగు చదివిన మన పిల్లలుండగా నన్నేల యడిగెదరు?" అంటిని. "పిల్లలు సాధనమును గుఱించి చెప్పెదరు, మీరు లెక్కను గుఱించి చెప్పుడు" అని వారు బదులు చెప్పిరి. ఆ మాట నాకు నచ్చినది. కావున మీ యెదుట నిలిచితిని. నా మాటలలో దోషములున్నచో పెద్దలు మన్నింతురు గాక.

మన సంఘమువారు నడపుచున్న పొదుపునిధియొక్కయు, విద్యార్థి సహాయనిధియొక్కయు లెక్కలు చాలకాలముగా నొక పాత ప్రోగ్రామునందు నడచుచున్నవి. దానిని వ్రాసిన యువకుడు సముద్రము దాటిపోయి యిరువదియేండ్లు కావచ్చినది. అది యిక ముందుకు సాగదని యందఱకును తెలిసినది. దానికి మాఱుగా నేది తీసికొనవలయునను విషయమున కార్యవర్గమునందు రెండభిప్రాయములున్నవి. వెల యెక్కువైనను పేరుమోసిన సాధనమునే కొనవలెనని కొందఱందురు. వెల లేని సాధనములుండగా సంఘధన మేల వ్యయపఱచవలెనని మఱికొందఱందురు. ఇరుపక్షములవారును సంఘముయొక్క మేలు కోరువారే. నేనీ రెండు పక్షములలో దేనికిని చెందను. వెలను చూచుటకు ముందు చూడవలసినది వేఱొకటి కలదని చెప్పుటయే నా యుద్దేశము.

మొదట డేటాబేసు అనగానేమో, నివేదిక అనగానేమో పెద్దలకును స్త్రీలకును తెలియునట్లు చెప్పెదను. మన కులవృత్తి మగ్గము గనుక మగ్గపు లెక్కనే తీసికొందము. ఒక షావుకారు పలువురు నేతగాండ్రకు పట్టును జరీని ఇచ్చి చీరలు నేయించుచున్నాడనుకొనుడు. అతనికి మూడు పట్టికలు కావలయును. మొదటిదానిలో నేతగాని పేరు, ఊరు, మగ్గపు సంఖ్య. రెండవదానిలో వానికిచ్చిన బయానాలు, తేదీలతో. మూడవదానిలో వాడు తెచ్చి యిచ్చిన చీరలు, కూలి, కోత. ఈ మూడు పట్టికలను కలుపు సూత్రము నేతగాని సంఖ్య. ఇట్లు వేఱువేఱు పట్టికలుంచి, సంబంధముచేత వానిని కలుపు పద్ధతిని 1970లో ఐ.బి.ఎం. కంపెనీలో పనిచేయుచుండిన ఎడ్గార్ కాడ్ అను విద్వాంసుడు ప్రతిపాదించెను. ఆ పట్టికలను ప్రశ్నించుటకు తగిన భాషను 1974లో ఛాంబర్లిన్, బాయిస్ అనువారు కల్పించిరి. అదియే నేడు ఎస్.క్యూ.ఎల్. అను పేర లోకమంతట వ్యాపించియున్నది. ఇట్టి పట్టికల కోశమే డేటాబేసు.

నివేదిక యనునది యా కోశముకంటె వేఱు. "దీపావళి నాటికి ఎవరెవరికి ఎంత కూలి యీయవలెను?" అని యడిగినప్పుడు, పట్టికలలోనుండి తగిన యంశముల నేరి, కలిపి, కూడి, కాగితముమీద చూపునది నివేదిక. దత్తాంశము నూలువంటిది, నివేదిక బట్టవంటిది. నూలు మంచిదైనను నేత తప్పినచో బట్ట చెడును. నూలు మనది, మగ్గము మాత్రము కొని తెచ్చుకొన్నది. ఈ భేదమును మనస్సునందుంచుకొన్నచో నేను ముందు చెప్పబోవునదంతయు సులభముగా తెలియును.

లెక్కను గుఱించి మన పూర్వులు చాల నాలోచించిరి. కౌటిల్యుని అర్థశాస్త్రమున రెండవ యధికరణమునందు అక్షపటలమను స్థానమును గుఱించిన ప్రకరణము కలదు. అది రాజ్యపు లెక్కలు భద్రపఱచు చోటు. సంవత్సరపు లెక్కలను ఆషాఢమాసమున తెచ్చి యప్పగింపవలెనని యందు విధి కలదు. దాని తరువాతి ప్రకరణమున అధికారులు ధనమపహరించు మార్గములు నలువది యని చెప్పబడినది. అదే యధికరణమున సూత్రాధ్యక్షుని ప్రకరణమును కలదు. వితంతువులు, అంగవైకల్యముగల స్త్రీలు మొదలగువారిచేత నూలు వడికించి, నూలుయొక్క సన్నదనమును పరీక్షించి దానినిబట్టి వేతనము నిర్ణయింపవలెనని యచ్చట విధింపబడినది. లెక్కయు నూలును ఒకే యధికరణమునందుండుట మనవంటివారు గమనింపదగినది. పనిచేసినవారికి న్యాయముగా కూలి ముట్టుట యను ప్రయోజనము నెఱవేఱనప్పుడు లెక్క యెంత యందముగా నున్నను అది లెక్క కాదు.

ఇక నా యెదుట జరిగిన యొక సంగతి చెప్పెదను. పేర్లు చెప్పను, చెప్పవలసిన యక్కఱయు లేదు.

నాయొద్ద చదివిన యొక శిష్యుడు మదనపల్లెలో పట్టుచీరల వ్యాపారము చేయుచున్నాడు. సుమారు అఱువది మగ్గములకు పని యిచ్చుచుండును. అతని తండ్రి కాలమున లెక్కలన్నియు ఎఱ్ఱయట్టల పుస్తకములలో నుండెడివి. ఇతడు తొంబదులనాటి చివరను ఫాక్సుప్రోలో నొక ప్రోగ్రాము వ్రాయించుకొనెను. అది చాల యేండ్లు చక్కగా నడచెను. ఒక వేసవిని పాత కంప్యూటరు చెడిపోగా క్రొత్తది కొనెను. అందలి విండోసు అఱువదినాలుగు బిట్లది. డాసు కాలపు ప్రోగ్రాములు దానిపై నడువవు. దత్తాంశము చెక్కుచెదరక పాత డిస్కులో నుండెను. కాని దానినుండి నివేదిక తీయు దారి మూసికొనిపోయెను. కూలి పంచు దినము సమీపించినది. తొందరపడి, రంగురంగుల పటములు చూపు నొక క్రొత్త సాధనమును తెచ్చి పెట్టించెను. నమూనా చూపినవారి ల్యాప్‌టాపుమీద నది మిక్కిలి యందముగా నుండెననియు, ఆ యందమునే చూచి కొంటిననియు తరువాత నాతో నొప్పుకొనెను.

రెండు మాసములు గడచిన తరువాత నొక నేతగత్తె మా యింటికి వచ్చెను. ఆమె పుట్టినిల్లు మా కలకడయే. భర్త యంతకు ముందటి సంవత్సరము కాలముచేసెను. ఆమెయు కొడుకును ఆ మగ్గమునే నేసి బ్రదుకుచున్నారు. ఆమె చేతిలో అచ్చైన కాగిత మొకటి యుండెను. "అయ్యవారూ, ఇందులో ఇరవై రెండు వేలు బాకీ అని రాసుండారంట. నేను తీసుకునింది ఆరు వేలే కదా సామీ" అని కన్నీరు పెట్టుకొనెను. కొంగు ముడిలోనుండి చిన్న పుస్తకము తీసి నాకిచ్చెను. అందు కొడుకుచేత వ్రాయించిన లెక్క యున్నది: బయానా రూ.6,000, ఇచ్చిన చీరలు నాలుగు, చీర కైదునూఱుల చొప్పున కోత రూ.2,000, మిగిలిన బాకీ రూ.4,000. లెక్క తప్పులేదు.

నేనామెను వెంటబెట్టుకొని బస్సులో మదనపల్లెకు పోయితిని. శిష్యుడు నన్ను చూచి లేచి నిలువబడెను. ముగ్గురమును తెరయెదుట కూర్చుంటిమి. బయానాల పట్టికను విడిగా చూచితిమి; రూ.6,000 ఒక్కసారియే యున్నది. చీరల పట్టికను విడిగా చూచితిమి. నాలుగు చీరలు, రూ.2,000 కోత. రెండును సరియే. తప్పు రెంటిని కలుపుటయందున్నది. ఆ నివేదికను కూర్చినవాడు బయానాను చీరల ప్రక్కన నిలిపెను. చీరలు నాలుగు గనుక బయానా నాలుగు వరుసలలో నాలుగుసార్లు కనబడినది. కూడునప్పుడు నాలుగు ఆఱువేలు ఇరువదినాలుగువేలైనది. అందులో రెండువేలు తీసివేయగా ఇరువదిరెండువేలు! యంత్రము తాను చెప్పబడినట్లే కూడెను. కూడవలసినదేదో చెప్పినవాడు తప్పుగా చెప్పెను. అంతకంటె పెద్ద తప్పు, దానిని సరిచూడక అచ్చువేసి చేతికిచ్చినవారిది.

తక్కిన ఖాతాలను చూడగా నా శిష్యుని ముఖము నల్లబడినది. ఒకటికంటె నెక్కువ చీరలిచ్చిన ప్రతి నేతగాని ఖాతాయు నట్లే తప్పియుండెను. ఎవడెక్కువ నేసెనో వానికెక్కువ బాకీ! సోదరులారా, ఇంతకంటె అన్యాయమైన లెక్క యుండునా? ఆ శిష్యుడు మంచివాడు. ఆ వారమంతయు ఇల్లిల్లు తిరిగి, అధికముగా పట్టుకొన్న కూలిని తిరిగి యిచ్చెను. కాని యిద్దఱు నేతగాండ్రు అప్పటికే అప్పునకు వెఱచి మగ్గము విడిచి బెంగుళూరికి కూలిపనికి పోయియుండిరి. వారు మరలి రాలేదు. అందమైన నివేదికకు మనము చెల్లించిన వెల యదియే.

ఈ సంగతినుండి నేను నేర్చినవి రెండు. మొదటిది, సాధనములు మనకంటె ముందే గతించును. రెండవది, మొత్తమును తెఱచి లోపల నేమున్నదో చూడవీలులేని నివేదికను నమ్మరాదు.

మొదటిదానికి నిదర్శనములు కావలసినన్ని కలవు. ఫాక్సుప్రోను అమెరికాలో ఫాక్సు సాఫ్టువేరు అను చిన్న కంపెనీ చేసినది. 1992లో దానిని మైక్రోసాఫ్టు కొనెను. 2007 మార్చిలో, ఇక క్రొత్త ప్రతి రాదని ప్రకటించెను. విజువల్ ఫాక్సుప్రో తుది ప్రతికి 2015 జనవరితో పోషణ ముగిసెను. మన దేశమున నెన్నియో అంగళ్లు, మిల్లులు, ఆస్పత్రులు దానిమీద నడచినవి. క్రిస్టల్ రిపోర్ట్స్ అను మఱియొక ప్రసిద్ధ నివేదికాసాధనము కెనడా దేశమున పుట్టి, 1994లో సీగేటు చేతికి పోయి, 2003లో బిజినెస్ ఆబ్జెక్ట్స్ వారి వశమై, ఆ కంపెనీతో కూడ 2008 నాటికి జర్మనీ దేశపు శాప్ కంపెనీకి చేరినది. విజువల్ స్టూడియో 2008 ప్రతివఱకు దానితోడనే కలిసి వచ్చుచుండినది. తరువాత వేఱుగా తెచ్చుకొనవలసి వచ్చెను. దానిని నమ్మి వేలకొలది నివేదికలు వ్రాసికొన్నవారు ప్రతి మాఱున యజమాని యెవరో, షరతు లేవో మరల చదువుకొనవలసినవారైరి. ఇందు దోషము ఎవరిదనియు కాదు. వ్యాపారము కొనుటయు అమ్ముటయు లోకసహజము. కాని మన లెక్క యొకరి క్రయవిక్రయములకు కట్టుబడి యుండరాదు.

నా శిష్యుని ఫాక్సుప్రో చచ్చినను అతని దత్తాంశము బ్రదికియుండుటకు కారణమేమి? అది డి.బి.ఎఫ్. అను రూపమున నుండెను. ఆ రూపము లోకమునకు బాగుగా తెలిసినది. లిబ్రే ఆఫీసు వంటి వెలలేని సాధనముకూడ దానిని తెఱచి చదువగలదు. అదియే యొక కంపెనీవారు మాత్రమే చదువగల గుప్తరూపమున నుండినచో, చందా గడువు తీఱిన నాడు లెక్కకు తాళము పడియుండును. మన నూలును మనయింటినుండి తీసికొనిపోవుటకు ఇంకొకరి యనుమతి కావలసివచ్చుట ఎంతటి పారతంత్ర్యము!

కావున క్రొత్త సాధనము నెన్నుకొనునప్పుడు ఐదు పరీక్షలు చేయవలయునని నా మనవి.

మొదటి పరీక్ష: దత్తాంశము బయటికి వచ్చునా? కొనుటకు ముందే, ఒక మాసపు లెక్కను లోనికెక్కించి, సి.ఎస్.వి. వంటి సామాన్యరూపమున మొత్తము తిరిగి బయటికి తీయుమని చెప్పుడు. తీసి చూపలేనివారి సాధన మెంత గొప్పదైనను వలదు.

రెండవ పరీక్ష: మొత్తము తెఱచుకొనునా? నివేదికలో రూ.22,000 అని యున్నచో, ఆ యంకెపై నొక్కగా అది యే యే పద్దులనుండి వచ్చెనో కనబడవలయును. మన షావుకార్లలో పెక్కురెఱిగిన ట్యాలీయందు ఈ గుణము కలదు; మొత్తముమీద ఎంటరు నొక్కుచు వోచరువఱకు దిగిపోవచ్చును. ఆ నేతగత్తె కాగితమునందు ఇట్టి వీలుండినచో ఆమె ఆఱువేలు నాలుగు మాఱులు నిలిచియుండుట ఒక్క క్షణమున తెలిసియుండెడిది.

మూడవ పరీక్ష: తెలుగు సరిగా వచ్చునా? నివేదిక షావుకారు చూచుకొనుటకే కాదు, నేతగాడును చదువుకొనవలయును. తాను చదువలేని కాగితముమీద వ్రేలిముద్ర వేయుట తరతరాలుగా మనవారి దురదృష్టము. తెలుగు లిపికి 1991లోనే యూనికోడునందు స్థానము దొరకినది. అయినను అను ఫాంటులవంటి పాత పద్ధతులలో టైపు చేసిన పేర్లు తెరమీద తెలుగుగా కనబడినను యంత్రమునకు తెలుగు కావు, వెదకిన దొరకవు, అకారాదిగా కూర్చిన కుదురవు. కొన్ని సాధనములు తెరమీద చక్కగా చూపి, పి.డి.ఎఫ్. చేయునప్పుడు ఒత్తులను విడదీయును. లక్ష్మి, జ్యోత్స్న, కృష్ణమూర్తి అను మూడు పేర్లను అచ్చువేయించి చూడుడు. మూడును సరిగా వచ్చినచో తక్కినవి ప్రాయికముగా వచ్చును.

నాల్గవ పరీక్ష: బాగుచేయువా రెక్కడ నున్నారు? వెలలేని సాధనమైనను దానిని కనిపెట్టువాడు కావలయును. ఒక్కనికే తెలిసియుండుట ప్రమాదము. మన ప్రోగ్రాము గతి చూచితిరి గదా! కనీసము ఇరువురకు పని తెలియవలయును. ఏమేమి యెట్లు చేయవలెనో తెలుగులో వ్రాసిన పుస్తక మొకటి సంఘపు బీరువాలో నుండవలయును.

ఐదవ పరీక్ష: ఐదేండ్ల వ్యయ మెంత? తొలినాటి వెల మాత్రము చూచుట పొరపాటు. ఒక యుదాహరణము చెప్పెదను. పవర్ బి.ఐ. అను సాధనమున నివేదిక తయారుచేయు భాగమునకు వెల లేదు. కాని దానిని పలువురు పంచుకొని చూచుటకు మనిషికింత యని నెలచందా కలదు. అమెరికా ధరలో నది 2025 ఏప్రిల్‌నందు పది డాలర్లనుండి పదునాలుగు డాలర్లకు పెరిగినది. ఆ ధరచొప్పున ముగ్గురకు ఐదేండ్లకు లెక్కింపగా 2,520 డాలర్లగును. ఇది పెద్ద వ్యాపారికి స్వల్పము. మన సహాయనిధికి స్వల్పము కాదు. ఎవరి లెక్క వారు చూచుకొనవలయును.

ఈ పరీక్షలు చేతబట్టుకొని నేడు లభించు సాధనములను చూతము. చిన్న వ్యాపారికి, అనగా కొన్ని మగ్గములు లేక ఒక అంగడి గలవానికి, ఎక్సెలుగాని లిబ్రే ఆఫీసుగాని చాలును. ఎక్సెలునందు ఒక పుటకు పదిలక్షలకు పైగా వరుసలు పట్టును. మనలో నెవనికిని అన్ని పద్దులుండవు. కాని యందెవరైనను ఏ గడినైనను మార్చివేయవచ్చును, మార్చినట్లు జాడయు తెలియకపోవచ్చును. అది దాని లోపము. పన్నులు, జి.ఎస్.టి. లెక్కలు గలవారికి ట్యాలీ సుపరిచితము. అది 1986లో బెంగుళూరున మొదలైన మన దేశపు కంపెనీవారిది. మదనపల్లెలో దానిని తెలిసిన గుమాస్తాలు దొరకుదురు. అయితే మగ్గపు లెక్కవంటి ప్రత్యేక నివేదికలు కావలెనన్నచో దానికి వేఱుగా వ్రాయించుకొనవలయును. కంపెనీగా నమోదైనవారు 2023 ఏప్రిల్ 1వ తేదీనుండి, ప్రతి మార్పునకు జాడ నిలుచు లెక్కల సాఫ్టువేరునే వాడవలయునను నియమమునుకూడ మఱువరాదు.

రసీదులు, పాసుపుస్తకపు పుటలు, ఖాతా కాగితములు కొలతతప్పక అచ్చువేయవలసినవారికి జాస్పర్ రిపోర్ట్స్, బర్ట్ అనునవి కలవు. వీనికి వెల లేదు, మూలము బహిరంగము. కాని వీనిని కూర్చుటకు చదువుకొన్న ప్రోగ్రామరు కావలయును. డేటాబేసు ఇదివఱకే యుండి, దానిని బ్రౌజరునందు ప్రశ్నించి చూడగోరువారికి మెటాబేసు, అపాచీ సూపర్‌సెట్ అనునవి తగును. సూపర్‌సెట్ 2015లో ఎయిర్‌బిఎన్‌బి కంపెనీయందు పుట్టి, పిమ్మట అపాచీ సంస్థకు చేరినది. మెటాబేసునందు ప్రోగ్రాము రానివాడును పట్టికనెంచి, కాలమునెంచి, మొత్తము చూచుకొనవచ్చును. ఇవి తెరమీద చూచుటకే యనువైనవి. కొలతకు సరిపడ అచ్చువేయుట వీని నైపుణ్యము కాదు. సొంత యంత్రముల గొడవ యక్కఱలేదనువారికి జోహో అనలిటిక్స్ వంటి చందా సాధనములు కలవు; జోహో మన పొరుగుననున్న తమిళనాటి కంపెనీ. కాని దత్తాంశము వారి యంత్రములలో నుండును, ఇంటర్నెట్టు లేనినాడు పని నిలుచును. మన గ్రామముల సంగతి మీకు తెలియనిది కాదు.

ఇందు ఏది యుత్తమము? ఏ యొక్కటియు నందఱకు నుత్తమము కాదు. వైద్యుడు నాడి చూడక ఔషధము చెప్పడు. మొదట మన ప్రశ్నల జాబితా వ్రాయవలయును. ప్రతి మాసము ఏ యే నివేదికలు నిజముగా చూచుచున్నాము? నేను మన పొదుపునిధి పాత ప్రోగ్రామునందలి నివేదికల పట్టికను చూచితిని, చాల పొడవైనది. కోశాధికారి నిజముగా తీయుచున్నవి నాలుగే: సభ్యుని నిలువ, వాయిదా తప్పినవారి జాబితా, నెలసరి జమాఖర్చు, విద్యార్థులకిచ్చిన సహాయము. ఈ నాలుగింటికి సరిపడు సాధనము చాలును. లేని యక్కఱను కల్పించుకొని కొనుట మగ్గమొకటి గలవాడు మిల్లు కొన్నట్లుండును.

ఎన్నుకొన్న తరువాత మార్చు విధానమునుకూడ చెప్పి ముగించెదను. పాతదానిని ఒక్కనాట నార్పివేయరాదు. రెండు మాసములు పాతదియు క్రొత్తదియు జంటగా నడపి, రెంటి మొత్తములును పైసతో సరిపోల్చవలయును. పది ఖాతాలను ఏరి చేతిలెక్కతో సరిచూడవలయును. ఏరునప్పుడు సుఖమైనవి కాక చిక్కైనవి తీసికొనుడు: పలుమాఱులు అప్పు తీసికొన్నవారు, మధ్యలో మానినవారు, మరణించినవారి ఖాతా వారసులకు మాఱినవి. తప్పు లక్కడనే దాగియుండును. నివేదికాసాధనమునకు డేటాబేసును చదువు అధికారమే యీయవలెను గాని వ్రాయు అధికారమీయరాదు. చూచువాడు దిద్దువాడు కారాదు గదా. సభ్యుల ఆధారు సంఖ్యలు, బ్యాంకు ఖాతాలు నివేదికలలో పెట్టరాదు. 2023లో పార్లమెంటు వ్యక్తిగత దత్తాంశ రక్షణకై చట్టము చేసినది. చట్టము లేకున్నను, పరుల గుట్టు కాపాడుట మర్యాద. లెక్కలకు ప్రతిదినము నకలు తీసి, వేఱొక యూర నొక ప్రతి నుంచవలయును. 2024 జూలై 21వ తేదీ రాత్రి మదనపల్లె సబ్‌కలెక్టరు కార్యాలయమున అగ్ని చెలరేగి దస్త్రములు దగ్ధమైన సంగతి మన మందఱము కన్నులార చూచితిమి. కాగితమునకైనను డిస్కునకైనను నిప్పు ఒక్కటియే.

కార్యవర్గమువారికి నా ప్రార్థన యిది. మదనపల్లె, కుప్పము కళాశాలలలో చదువుచున్న మన పిల్లలలో నిద్దఱను, లెక్క తెలిసిన పెద్దలలో నిద్దఱను, పొదుపునిధిలో ఖాతాగల స్త్రీల నిద్దఱను కలిపి ఆఱుగురి ఉపసంఘము నేర్పఱుపుడు. స్త్రీలను చేర్చుమనుట మాటవరుసకు కాదు. ఆ నేతగత్తె పుస్తకమే కదా యంత్రముయొక్క తప్పును పట్టుకొన్నది! వారు రెండు సాధనములనెంచి, నేను చెప్పిన యైదు పరీక్షలును చేసి, ఫలితములను తెలుగులో వ్రాసి సభ్యులందఱ యెదుట నుంచవలయును. అప్పుడు వెల పెట్టి కొన్నను, వెల లేనిది తెచ్చుకొన్నను నాకు సమ్మతమే. దాతలైన మహాశయులకును ఒక మనవి: భవనమునకు, రథమునకు విరాళ మిచ్చునట్లే, ఇట్టి కనబడని పనికిని కొంత సహాయము చేయుడు. దాని శిలాఫలకముండదు, కాని ప్రతి బీదవాని ఖాతాలో మీ ధర్మముండును.

ఆ నేతగత్తె యిప్పటికిని నేయుచున్నది. ఆమె బాకీ తీఱిపోయినది. క్రిందటి సంక్రాంతికి మా యింటికి వచ్చి, క్రొత్త ఖాతాకాగితమును చూపినది. అందన్నియు తెలుగులో నున్నవి. తన చిన్న పుస్తకమును మాత్రము విడువలేదు. "రెండూ సరిపోతా ఉన్నాయా అని చూసుకుంటా అయ్యవారూ" అన్నది. సోదరులారా, ఏ సాధనము తెచ్చుకొన్నను, ఆమెవలె ప్రతి సభ్యుడును తన లెక్కను తాను చూచుకొనగలిగిననాడు మన సంఘము చేసిన యెన్నిక సరియైనదని తెలిసికొనుడు.